జీవాల నీడకు తాకట్టు తగదు

1826లో లండన్ నగరంలో ఆర్థర్ బ్రూమ్ అనే క్రైస్తవ మతగురువు బాకీ తీర్చలేక జైలుపాలయ్యాడు. సొంతానికి వాడుకున్న సొమ్ము కాదది. అంతకు రెండేళ్ల ముందు, 1824 జూన్ 16న, ఓల్డ్ స్లాటర్స్ అనే కాఫీ హౌస్‌లో కొందరు పెద్దమనుషులు కూడి జంతుహింస నివారణ సంఘాన్ని స్థాపించారు. దానికి తొలి కార్యదర్శి బ్రూమ్. పశువులను హింసించడం నేరమని బ్రిటిష్ పార్లమెంటు 1822లోనే చట్టం చేసింది. చట్టమైతే వచ్చింది గాని దాన్ని అమలు చేయించే నాథుడు లేడు. బ్రూమ్ చర్చిలో తన ఉద్యోగం వదులుకున్నాడు. సంతల్లో పశువులను ఎలా చూస్తున్నారో కనిపెట్టడానికి తన చేతి డబ్బుతో మనుషులను నియమించాడు. సంఘం ఖర్చులు పెరిగాయి, చందాలు ఆ స్థాయిలో రాలేదు. బాకీలు పేరుకున్నాయి. చివరికి అప్పులవాళ్లు కార్యదర్శి మెడకు చుట్టుకున్నారు. సంఘంలోని తోటి సభ్యులు రిచర్డ్ మార్టిన్, లూయిస్ గోంపెర్ట్జ్ డబ్బు పోగుచేసి ఆయన్ని విడిపించారు. గోంపెర్ట్జ్ కార్యదర్శి బాధ్యత తీసుకుని సంఘాన్ని నిలబెట్టాడు. 1840లో విక్టోరియా రాణి అనుమతితో అదే సంఘం పేరుకు ముందు రాయల్ అనే మాట చేరింది. ఆధునిక కాలంలో జీవకారుణ్యానికి పునాది వేసిన సంస్థ పుట్టిన రెండేళ్లకే అప్పు కింద నలిగి చావు తప్పించుకుందన్నమాట. దయ ఉన్నంత మాత్రాన సంస్థ నిలవదని, దయకు తగిన ఆదాయం కూడా ఉండాలని ఈ చరిత్ర మొదటి పేజీలోనే రాసి ఉంది.

ఆ తరవాత రెండు వందల ఏళ్లు గడిచాయి. బాకీ కోసం మనిషిని జైల్లో పెట్టడం దాదాపు పోయింది. ఇప్పుడు అప్పుకు హామీగా నిలబడేది మనిషి కాదు, నేల. వీధికుక్కలకో, ముసలి ఎద్దులకో, గాయపడిన గుర్రాలకో ఆశ్రయం ఇచ్చే సంస్థ తానున్న స్థలాన్ని కుదువపెట్టి అప్పు తెస్తుంది. షెడ్లు కడుతుంది, ఆపరేషన్ గది కడుతుంది. కొన్నాళ్లు వాయిదాలు సాగుతాయి. తరవాత దాతలు తగ్గుతారు, దాణా ధర పెరుగుతుంది, రెండు మూడు వాయిదాలు తప్పుతాయి. అప్పుడు మొత్తం బాకీ ఒక్కసారిగా కట్టమని నోటీసు వస్తుంది. మన దేశంలో 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, మొండిబాకీగా తేలిన అప్పుకు బ్యాంకు ఇవ్వాల్సిన గడువు 60 రోజులు. ఆ తరవాత కోర్టు తీర్పు కోసం ఆగకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెట్టవచ్చు. బట్టల కొట్టయితే 60 రోజుల్లో సరుకు తెగనమ్మి తలుపులు మూయవచ్చు. ఆశ్రయంలో ఉన్నది సరుకు కాదు. కాలు విరిగిన ఎద్దును ఎవరు కొంటారు, కొన్నా ఎందుకోసం కొంటారు అన్నది ఆలోచించాల్సిన సంగతి. అంటురోగం సోకిన కుక్కపిల్లలను మరో ఆశ్రయం తన గడప దాటనివ్వదు. పెంపకానికి తీసుకునేవాళ్లు పిల్లలను అడుగుతారే తప్ప పన్నెండేళ్ల ముసలి కుక్కను అడగరు. జంతువుకు నీడ ఇస్తామంటే దాని ఆయుష్షు ఉన్నంతకాలం ఇస్తామని మాటిచ్చినట్టు. అప్పు నడిచేది వాయిదాల లెక్కన. ఈ రెండు కాలాలు ఎప్పుడూ కలవవు. అందుకే జంతువుల ఆశ్రయం ఏ అవసరానికి అప్పు చేసినా, అవి నిలుచున్న నేలను మాత్రం తాకట్టు పెట్టకూడదు. మన దేశంలో పాత సంస్థల చరిత్ర చూస్తే ఈ నియమాన్ని మాటల్లో చెప్పకుండానే ఆచరణలో పాటించినట్టు కనిపిస్తుంది.

జంతువులకు వైద్యం, ఆశ్రయం ఈ దేశానికి బయటినుంచి వచ్చిన ఆలోచన కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. వాటిలో రెండో శాసనం మనుషులకూ పశువులకూ రెండు రకాల చికిత్సలు ఏర్పాటు చేసినట్టు చెబుతుంది. మందుమొక్కలు దొరకని చోటికి వాటిని తెప్పించి నాటించినట్టు, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించినట్టు కూడా చెబుతుంది. ఆ వరసను గమనించాలి. చికిత్స చేయించానని మాత్రమే చెప్పి రాజు ఊరుకోలేదు. మందు దొరికే మొక్కనూ నీరు దొరికే బావినీ కూడా చెప్పాడు. అంటే సాయంతోపాటు ఆ సాయానికి ఊట ఎక్కడుందో చూపించాడు. చాలా శతాబ్దాల తరవాత, 1580ల్లో, రాల్ఫ్ ఫిచ్ అనే ఆంగ్ల వర్తకుడు గుజరాత్‌లోని ఖంభాత్ రేవు ప్రాంతంలో కుంటి కుక్కలకు, పిల్లులకు, పక్షులకు ఆసుపత్రులు ఉన్నాయని రాశాడు. 1623లో అక్కడికే వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే పక్షుల ఆసుపత్రిని చూసి వర్ణించాడు. ఈ సంస్థలకే గుజరాత్‌లో పింజ్రాపోల్ అని పేరు. పింజ్రా అంటే పంజరం, పోల్ అంటే వాడ. కొన్ని పింజ్రాపోల్‌లలో ధాన్యంలో పడిన పురుగులను సైతం చంపకుండా ఉంచడానికి వేరే గది ఉండేది. దాన్ని జీవాత్ ఖానా అనేవారు. ఇంత సున్నితమైన కరుణకు వెనక చాలా గట్టి లెక్క నడిచింది. ఆ లెక్క ఎలాంటిదో తెలుసుకోవడానికి బొంబాయి పింజ్రాపోల్ మంచి ఉదాహరణ.

1832లో బొంబాయిలో వీధికుక్కలను చంపడానికి ఈస్టిండియా కంపెనీ అధికారులు పూనుకున్నారు. కుక్కకు ఇంత అని డబ్బు ముట్టేది. డబ్బు ఆశకు ఇళ్లలోని పెంపుడు కుక్కలకూ ముప్పు వచ్చిందని జనం గోల పెట్టారు. పార్సీలకు కుక్క పవిత్రమైన ప్రాణి. వారి అంత్యక్రియల్లో శవాన్ని కుక్క చేత చూపించే ఆచారం ఉంది. జూన్ 6న పార్సీలు తిరగబడ్డారు. హిందువులు, జైనులు, ముస్లింలలో కొందరు వారితో కలిశారు. మర్నాడు దుకాణాలు మూసి, కోటలోని సైన్యానికి సరుకులు అందకుండా ఆపారు. ప్రభుత్వం సైన్యాన్ని దింపి అణచివేసింది. జంషెడ్జీ జీజీభాయ్ వంటి పెద్దలు మధ్యవర్తులుగా నిలిచి కుక్కలను చంపడానికి బదులు ఊరి బయటికి తరలించే దారి చూపారు. తరలించిన కుక్కలకు చోటు కావాలి. 1834లో జీజీభాయ్, జైన వర్తకుడు మోతీచంద్ అమీచంద్ ముందుండి, ఊళ్లోని వర్తకులను కలుపుకుని పింజ్రాపోల్ పెట్టారు. కుక్కల కోసం మొదలైన ఆ చోటికి తరవాత ఆవులు, ఎడ్లు, గుర్రాలు, పక్షులు చేరాయి. నగరం నడిబొడ్డున, భులేశ్వర్ బజార్ల మధ్య, ఆ సంస్థ ఇవాళ్టికీ ఉంది. దాని చుట్టూ బొంబాయి ఎన్నోసార్లు కూలి మళ్లీ లేచింది. గజం భూమి కోసం తరాలు కోర్టులకెక్కే నగరంలో ముసలి ఆవులున్న నేల దాదాపు రెండు శతాబ్దాలుగా చేతులు మారలేదు.

అలా నిలవడానికి కారణం దాతల మంచితనం ఒక్కటే అనుకుంటే చరిత్రను సగమే చదివినట్టు. ఆ వర్తకులు విరాళం ఇచ్చి చేతులు దులుపుకోలేదు. పత్తి, నల్లమందు, చక్కెర వంటి సరుకుల వ్యాపారంమీద తమకు తామే ఒక చిన్న రుసుము విధించుకున్నారు. దాన్ని లాగా అంటారు. బేరం జరిగిన ప్రతిసారీ ఆ కాస్తా పక్కకు తీసి పింజ్రాపోల్ ఖాతాలో వేసేవారు. ఒక్కొక్కరికి అది లెక్కలోకి రానంత చిన్న మొత్తం. రేవంతటికీ కలిపితే వందల నోళ్లకు మేత. ప్రభుత్వం వేసిన పన్ను కాదది. ఇవ్వనివాడికి వర్తక సంఘంలో గౌరవం ఉండదు, అంతే. దీనికి దగ్గరి ఏర్పాటే ధర్మాదా. కొనుగోలుదారు బిల్లులో ధర్మం కింద కొంత చేర్చి వసూలు చేసే ఆ ఆచారం దేశమంతటా వర్తకుల్లో ఉంది. ధర్మానికని వేరుచేసి వసూలు చేసిన ఆ సొమ్ము వర్తకుడి ఆదాయం కాదని సుప్రీంకోర్టు 1978లో తేల్చింది. లాగాకు తోడు, సంస్థకు వచ్చిన ఆస్తుల మీద అద్దెలు ఉండేవి. రోజువారీ మేతకు వ్యాపారంలో నుంచి పారే డబ్బు, కష్టకాలానికి అద్దె. ఏర్పాటు ఇది. నల్లమందు వ్యాపారం పోయింది, పత్తి బజారు మారిపోయింది. అయినా ఒక పాయ ఎండినప్పుడు మరో పాయ ఉండడంతో సంస్థ ఎండిపోలేదు.

ఈ పద్ధతి గుజరాతీ వర్తకులకు మాత్రమే తెలిసినదని అనుకోనక్కర్లేదు. తెలుగు నేలమీద దీనికి మరింత పాత దాఖలా ఉంది. ద్రాక్షారామం వంటి క్షేత్రాల శాసనాలు చదివితే గుడిలో అఖండదీపం వెలిగించడానికి దాతలు పశువుల మందలను సమర్పించిన సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నూనెకో నెయ్యికో ఒకసారి డబ్బిచ్చి పోయేవారు కాదు. మందను ఇచ్చేవారు. దాన్ని మేపుకునే బాధ్యత తీసుకున్నవాళ్లు ప్రతిరోజూ కొలత ప్రకారం నెయ్యి తెచ్చి దీపానికి పోయాలి. మంద ఉన్నంతకాలం దీపం ఆరదు. మందను అమ్ముకుంటే దీపం ఆరిపోతుంది కనుక, ఇచ్చిన ధర్మాన్ని హరించినవాడికి మహాపాపమని శాసనం చివర రాసేవారు. చెరువుకు మాన్యం, సత్రానికి మాన్యం, చలివేంద్రానికి మాన్యం, అన్నిటికీ వెనక ఉన్న సూత్రం ఒకటే. ఫలితాన్ని తినాలి, మూలాన్ని ముట్టకూడదు. తాకట్టు ఈ సూత్రానికి సరిగ్గా ఎదురు నడిచే పని. ఈ ఏడు షెడ్డు కోసం, వచ్చే ఏడు మందుల కోసం మూలాన్నే ముందుకు తోస్తుంది.

డబ్బున్న వర్తకులకు ఇదంతా సాధ్యం, ఉత్తచేతులతో మొదలుపెట్టేవారు అప్పు చేయక ఏం చేస్తారు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గాయపడిన జంతువు గుమ్మంలో ఉన్నప్పుడు మూలనిధి పోగయ్యేదాకా ఆగమని చెప్పడం క్రూరం. అయితే నిలిచిన సంస్థలు ఎలా మొదలయ్యాయో చూస్తే జవాబు దొరుకుతుంది. 1860లో లండన్‌లోని హాలోవే ప్రాంతంలో మేరీ టీల్బీ అనే మహిళ తప్పిపోయిన కుక్కలకు ఆశ్రయం పెట్టింది. ఆకలితో చచ్చే మనుషులుండగా కుక్కలకు ఇల్లా అని పత్రికలు వెక్కిరించాయి. ఆమె ఉన్న కాస్త చోటులోనే మొదలుపెట్టి చందాలతో నడిపింది. 1865లో ఆమె చనిపోయాక కూడా సంస్థ ఆగలేదు. 1871లో బాటర్సీకి మారి నేటికీ ఆ పేరుతోనే ప్రసిద్ధంగా ఉంది. మద్రాసులో కెప్టెన్ సుందరం 1959లో బ్లూక్రాస్‌ను తన ఇంటినుంచే మొదలుపెట్టారు. 1960ల్లోనే వీధికుక్కలను చంపడానికి బదులు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే పద్ధతిని ఆ సంస్థ చేపట్టింది. ఇవాళ దేశమంతటా అమలవుతున్న నియమాలకు అది ముందు నడక. ఈ రెండు చోట్లా ముందు సేవ పుట్టింది, సేవను చూసి జనం నమ్మారు, నమ్మకం వచ్చాక చోటు పెరిగింది. పెద్ద స్థలం, పెద్ద భవనం ముందు కట్టి, వాటి వాయిదాల కోసం దాతలను వెతుక్కునే దారిలో కష్టం ఎక్కువ. దాత తన రూపాయి మేతకు పోతుందంటే ఇస్తాడు, వడ్డీకి పోతుందంటే వెనకాడతాడు. అప్పు చేయక తప్పని రోజు వస్తే అంబులెన్సు మీద, పరికరాల మీద చేయవచ్చు. బండి పోతే పని కుంటుపడుతుంది. నేల పోతే ప్రాణాలు పోతాయి.

నేలను అలా కట్టిపడేస్తే సంస్థలు సోమరులవుతాయన్నది ఇంకో అభ్యంతరం. ఆస్తి ఉన్నదన్న ధీమాతో ధర్మకర్తలు నిద్రపోతారని, లోపల జంతువులు బక్కచిక్కి పోతాయని దీని సారం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, ఎందుకంటే చరిత్రలో ఇది జరిగింది. గాంధీజీ పింజ్రాపోల్‌లను, గోశాలలను చూసి సంతోషించలేదు. లెక్కాడొక్కా లేకుండా, శాస్త్రజ్ఞానం లేకుండా నడిచే చోట్లు గోవుకు మేలు చేయవని ఆయన పదేపదే హెచ్చరించాడు. అవి మంచి పాల కేంద్రాలుగా మారాలని, చనిపోయిన పశువు చర్మం కూడా వృథా కాకుండా తోళ్ల పని నేర్చుకోవాలని కోరాడు. 1925లో ఏర్పడిన అఖిల భారత గోరక్షణ సంఘం నియమావళిలో ఈ ఆలోచనలకు చోటు దక్కింది. బొంబాయి పింజ్రాపోల్ కూడా క్రమంగా పాల ఉత్పత్తి పెంచుకుంది. ఎంతగానంటే, అక్కడి పనివాళ్ల వివాదం సుప్రీంకోర్టుదాకా వెళ్లినప్పుడు, పాల కోసం అది నడుపుతున్న వ్యవహారం పారిశ్రామిక వివాదాల చట్టం కిందికి వచ్చే పరిశ్రమేనని 1971లో కోర్టు తీర్పు చెప్పింది. ధర్మసంస్థ అన్న పేరు పనివాడి హక్కును ఎగవేయడానికి సాకు కాదని ఆ తీర్పు సారం. ఈ విమర్శలన్నీ నిజమే. అయితే అవి చూపే మందు వేరు. సోమరితనానికి మందు లెక్కల తనిఖీ, పశువైద్యుడి పర్యవేక్షణ, పనివాళ్లకు సరైన జీతం. అప్పులవాడి భయం మందు కాదు. ఆ భయం ధర్మకర్తను మేల్కొలుపుతుందేమో గాని, మేలుకున్న ధర్మకర్త మొదట తగ్గించేది దాణానే.

ఇక అప్పు ఇచ్చినవాడి పక్షం. అతను దానం చేయలేదు, ఒప్పందం ప్రకారం ఇచ్చాడు, ఒప్పందం ప్రకారమే అడుగుతున్నాడు. బ్యాంకులో ఉన్నది కూడా మరో వెయ్యిమంది పొదుపు సొమ్ము. కుక్కలున్నాయి గనుక బాకీ మాఫీ చేయాలంటే రేపు ఏ ఆశ్రయానికీ ఎవరూ అప్పివ్వరు. ఈ మాట ఒప్పుకోవాల్సిందే. నిజానికి నా వాదన బలపడేది ఇక్కడే. అప్పులవాడు తప్పు చేయకపోయినా జంతువులు వీధిన పడే పరిస్థితి వస్తున్నదంటే, తప్పు నోటీసులో లేదు, తాకట్టు పత్రంలో ఉంది. ఆ పత్రం రాకుండా ఆపే పద్ధతి మన చట్టాల్లో ఇప్పటికే ఉంది. ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం, 1987లోని 80వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కిందికి వచ్చే ధర్మసంస్థల స్థిరాస్తిని కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా అమ్మినా, దానమిచ్చినా, తాకట్టు పెట్టినా అది చెల్లదు. మహారాష్ట్రలో పబ్లిక్ ట్రస్టులు అప్పు తేవాలంటే ఛారిటీ కమిషనర్ అనుమతి కావాలి. గుడి మాన్యానికి ఉన్న ఈ కాపు జంతువుల ఆశ్రయాలకు కూడా ఉండాలి. సొసైటీగా రిజిస్టరైన సంస్థ అయితే, నేలను కుదువ పెట్టే అధికారం కార్యవర్గానికి లేదని తన నియమావళిలోనే రాసుకోవచ్చు. అలా రాసుకుంటే అప్పులవాడికీ మేలే. తిరిగి రాని చోట డబ్బు పెట్టే ప్రమాదం అతనికి తప్పుతుంది.

ఇదంతా ప్రభుత్వమే చూసుకోవాలి, ప్రైవేటు సంస్థలకు ఎందుకీ భారం అనేవారూ ఉన్నారు. ప్రభుత్వం నడిపిన జంతువుల చోటు ఎలా ఉంటుందో తెలుగు పల్లెకు బాగా తెలుసు. అదే బందెలదొడ్డి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం కింద, పైరు మేసిన పశువును పట్టి దొడ్డిలో కట్టేసేవారు. యజమాని జరిమానా కట్టి, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. గడువులోగా ఎవరూ రాకపోతే వేలం వేసేవారు. అక్కడ పశువే తాకట్టు వస్తువు. రైతు పంటకు అది రక్షణ, పశువుకు మాత్రం అది ఆశ్రయం కాదు. 2025లో వీధికుక్కలమీద సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చినప్పుడు ఈ పాత లోటే మళ్లీ బయటపడింది. ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలోని కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నారు. ఆగస్టు 22న దాన్ని సవరించి, ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కలను ఉన్నచోటే వదలమన్నారు. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్లనుంచి తీసి షెల్టర్లలో ఉంచమన్నారు. కుక్కకాటుకు బలవుతున్న పిల్లల బాధ నిజం, వారి రక్షణ ముందు. అయితే షెల్టర్ అన్న మాట ఉత్తర్వులో రాసినంత సులువుగా నేలమీద లేవదు. అది లేవాలంటే చోటు, మేత, వైద్యుడు, ఏళ్ల తరబడి ఆగని డబ్బు కావాలి. మున్సిపాలిటీలు ఇవి చేయాల్సిందే. చేసే స్థితి వచ్చేదాకా భారం మోస్తున్నది స్వచ్ఛంద సంస్థలే గనుక, వాటి నేలకు కాపు పెట్టడం ప్రభుత్వానికే లాభం. ఒక ఆశ్రయం మూతపడితే అందులోని జంతువులు మళ్లీ చేరేది అదే వీధిలోకి.

కాబట్టి జంతువుల ఆశ్రయాలకు సాయం చేసేవారు ఇకనుంచి మరో ప్రశ్న కూడా అడగాలి. ఎన్ని ప్రాణాలను కాపాడుతున్నారని అడుగుతూనే, ఈ నేల ఎవరి పేరున ఉంది, దస్తావేజులు ఎక్కడున్నాయి అని అడగాలి. తాకట్టులో ఉంటే, నోటీసు వచ్చినరోజు పరుగెత్తి చందాలు పోగుచేయడం కన్నా, ఇవాళే ఆ బాకీ తీర్చడానికి చేయి కలపాలి. తాకట్టు విడిపించాక మళ్లీ పెట్టకుండా నియమం రాయించాలి. ఒక్కసారిచ్చే పెద్ద విరాళం కన్నా నెలనెలా ఇచ్చే చిన్న మొత్తం మేలు. బొంబాయి వర్తకులు పత్తి బేరానికి తీసి పెట్టిన ఆ చిన్న లాగాయే పింజ్రాపోల్‌ను నిలబెట్టింది. మన మిర్చి యార్డులకు, బియ్యం మిల్లులకు, బంగారు అంగళ్లకు అంతకన్నా చిన్న వాటా కూడా చాలు. మూగజీవి మనల్ని నమ్మి లోపలికి వచ్చింది. ఆ నమ్మకం నిలబడే నేలను పణంగా పెట్టే హక్కు మనకు లేదు.